ఇంట్లో చేసిన బీరు సీసా పేలింది, మిగతా నలభై ఏం చేయాలి?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నా పుట్టినరోజుకి స్నేహితులు ఇంట్లో బీరు చేసుకునే కిట్ ఇచ్చారు. ఐదు గ్యాలన్ల పేల్ ఏల్ అనే లేత రంగు బీరు. జూన్‌లో మొదలుపెట్టాను. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌ని, అంటే మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తియ్యటి సారాన్ని, రెండున్నర గ్యాలన్ల నీళ్లలో మరిగించి, మిగతా నీళ్లు కుళాయి నుంచి పట్టి కలిపాను. బకెట్ ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఈస్ట్ చల్లాను. ఇంట్లో పగలు ఏసీ 78 మీద ఉంటుంది. మర్నాటికి బకెట్ మూతకున్న, గ్యాసుని బయటికి పోనిచ్చే ఎయిర్‌లాక్‌లో బుడగలు దడదడా వచ్చాయి, మూడో రోజుకి ఆగిపోయాయి. అయిపోయిందనుకుని, కిట్‌లో ఇచ్చిన 5 ఔన్సుల చక్కెర అదే బకెట్‌లో చల్లి, కలిపి, ఆరో రోజు సీసాల్లో నింపాను. సీసాలు పాతవి, కొన్ని చేత్తో తిప్పి తీసే మూతలవి. చక్కెర ఎంత మిగిలిందో చెప్పే హైడ్రోమీటర్ వాడలేదు. రెండు వారాల తర్వాత తెరిస్తే ఒక సీసా చప్పగా ఉంది, ఇంకొకటి నురగ కక్కింది. రుచి పచ్చి ఆపిల్‌లా ఉంది, గొంతులో మంట, చివర్లో ఆసుపత్రి వాసన. నిన్న రాత్రి ప్యాంట్రీలో ఒక సీసా పేలింది. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. కల్తీసారా చావుల వార్తలు చూస్తూ పెరిగాం కాబట్టి ఇది కూడా విషమేమోనని మా ఆవిడకి టెన్షన్. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు మొత్తం పారబోయమంటున్నారు. ఇంకా నలభై సీసాలున్నాయి. ఎక్కడ తప్పు జరిగింది? మళ్లీ చేయొచ్చా? వరంగల్‌లో మా తమ్ముడు కూడా చేస్తానంటున్నాడు, చేయమనమంటారా?

సమాధానం: ముందు ఆ నలభై సీసాల సంగతి చూడండి. మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు.

ఒక సీసా పేలిందంటే పక్కనున్నవి కూడా అంతే ఒత్తిడి మీద ఉన్నాయనుకోవాలి. పాపని ఆ గది వైపు అసలు రానివ్వకండి. మీరు లోపలికి వెళ్లే ముందు సేఫ్టీ గాగుల్స్, మందపాటి గ్లౌజులు, పొడుగు చేతుల జాకెట్, బూట్లు వేసుకోండి. మామూలు కళ్లజోడు సరిపోదు. సీసాల మీద ముందుగా ఒక దుప్పటి కప్పండి. తర్వాత దుప్పటి కింద నుంచి ఒక్కొక్కటే తీసి, కుదపకుండా, మూత ఉన్న ఐస్ చెస్ట్‌లో నిలబెట్టండి. అందులో సగం దాకా కుళాయి నీళ్లు పోసి, ఆ తర్వాతే కొద్దికొద్దిగా ఐస్ వేయండి. వెచ్చగా ఉన్న గాజు మీద ఒక్కసారిగా ఐస్ కుమ్మరించొద్దు. మూత బిగించి ఒక రోజంతా వదిలేయండి. ఐస్ కరిగితే మళ్లీ వేయండి. చల్లబడిన కొద్దీ గ్యాసు ఎక్కువగా బీరులో కరుగుతుంది, సీసాలో ఒత్తిడి తగ్గుతుంది, ఈస్ట్ పని కూడా దాదాపు ఆగిపోతుంది.

మర్నాడు అవే గాగుల్స్, అవే గ్లౌజులతో, ఒక్కో సీసాకి మందపాటి తువ్వాలు చుట్టి, సింక్‌లో పెట్టి, మూతని ఓపెనర్‌తో కొద్దిగా లేపి గ్యాసు పోనివ్వండి. బుస్సుమనడం తగ్గాక పూర్తిగా తీసి పారబోయండి. గ్యాసు వదిలి మళ్లీ మూత వేసుకుంటే బీరు దక్కుతుందని కొందరు చెబుతారు. లోపల ఎంత చక్కెర మిగిలిందో తెలిసినప్పుడు అది కుదిరే పనే. మీకు ఆ అంకె తెలియదు, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. మీ అత్తగారి మాటే వినండి. రెండు సీసాల బీరు మాత్రం పారబోయకుండా ఒక జగ్గులోకి వంపి పక్కన పెట్టండి. అసలు ఏం జరిగిందో అది చెబుతుంది.

ఇక మీ ఆవిడ భయం. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో మనందరికీ తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కల్తీసారా సంఘటనల్లో మనుషుల్ని చంపేది, చూపు పోగొట్టేది ఎక్కువగా మిథనాల్. కారుచౌకగా దొరికే పారిశ్రామిక మిథనాల్‌ని సారాలో కలపడం వల్లే ఆ ఘోరాలు జరుగుతుంటాయి. మీ బకెట్‌లో జరిగింది వేరు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోని చక్కెరని ఈస్ట్ తిని ఇథనాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చింది. పులిసే పదార్థాల్లో మిథనాల్ ప్రధానంగా పండ్లలోని పెక్టిన్ నుంచి పుడుతుంది. బార్లీలో పెక్టిన్ చాలా తక్కువ. పైగా బీరుని బట్టీ పెట్టం కాబట్టి ఏదీ చిక్కబడి పేరుకునే అవకాశం లేదు.

రోగాలు తెచ్చే క్రిములకు కూడా పులిసిన బీరు అచ్చిరాదు. ఆల్కహాల్, పులుపు, బీరులో వేసే హాప్స్ పూల చేదు, ఆక్సిజన్ లేకపోవడం, ఇన్ని కలిశాక అవి బతికి పెరగడం కష్టం. చెడిపోయిన బీరు నోట పెట్టుకోలేనంత పుల్లగా మారొచ్చు, కంపు కొట్టొచ్చు, అది విషం కావడం మాత్రం బహు అరుదు. రెండు జాగ్రత్తలు తప్పవు. ఈస్ట్ వేయని వర్ట్‌ని, అంటే మరిగించిన తియ్యటి మాల్ట్ నీళ్లని, మూత బిగించి రోజుల తరబడి గదిలో ఉంచకూడదు. అందులో బోట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. అందుకే చల్లారిన రోజే ఈస్ట్ వేసేయాలి. రెండోది, పైన బూజు దూదిలా పట్టి రంగు తిరిగితే రుచి కూడా చూడకుండా పారబోయాలి. ఈ బ్యాచ్‌లో మీ ఇంటికి వచ్చిన ప్రమాదం ఒక్కటే, గాజు ముక్కలు.

సీసా ఎందుకు పేలిందో చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. బుడగలు ఆగాయి కాబట్టి అయిపోయిందనుకున్నారు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, కిట్ పెట్టె మీద రాసే సూచనలు కూడా దీన్ని సరిగ్గా చెప్పవు. ఎయిర్‌లాక్ కొలత సాధనం కాదు. ప్లాస్టిక్ బకెట్ మూత ఒక పక్క సరిగ్గా బిగుసుకోకపోతే గ్యాసు అటు నుంచి పోతుంది, లోపల జోరుగా పులుస్తున్నా బయట ఒక్క బుడగ రాదు. అంతా అయిపోయాక గది వేడెక్కితే కరిగి ఉన్న గ్యాసు బయటికొచ్చి బుడగలు కనిపిస్తాయి. మీ విషయంలో వేడికి ఈస్ట్ మొదటి రెండు రోజుల్లో పెద్ద పని ముగించింది. ఆఖరి పని నెమ్మదిగా సాగుతోంది, ఆ కొద్దిపాటి గ్యాసు ఎయిర్‌లాక్‌ని కదిలించలేదు. మీరు అప్పుడే మూతలు బిగించారు.

అసలు సంగతి చెప్పేది మీరు పెట్టెలోంచి తీయని హైడ్రోమీటర్. నీళ్లతో పోలిస్తే బీరు ఎంత చిక్కగా ఉందో, అంటే దాని గ్రావిటీ ఎంతో, అది చూపిస్తుంది. నీళ్లకు 1.000, చక్కెర తగ్గేకొద్దీ బీరు అంకె పడుతుంది. పేల్ ఏల్ కిట్ సాధారణంగా 1.050 దగ్గర మొదలై 1.012 దగ్గర ఆగుతుంది. మొదటి అంకెలోంచి రెండోది తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, ఇక్కడ సుమారు 5. సీసాలోని గ్యాసుని వాల్యూమ్‌లలో లెక్కిస్తారు. లీటరు బీరులో లీటరు గ్యాసు ఉంటే ఒక వాల్యూమ్. కిట్‌లోని 5 ఔన్సుల చక్కెర ఐదు గ్యాలన్లకు రెండున్నర వాల్యూమ్‌ల దాకా తెస్తుంది, అది మంచి బీరుకి ఉండాల్సినంతే. ఇక సీసాలో మూత వేశాక గ్రావిటీ ఇంకా 0.002 పడితే దానికి తోడు దాదాపు మరో వాల్యూమ్ చేరుతుంది. మీరు 1.018 దగ్గర నింపి ఉంటే అది 1.012కి దిగేలోపు అదనంగా మూడు వాల్యూమ్‌లు పుడతాయి. మొత్తం ఐదున్నర. మామూలు బీరు సీసా అంత ఒత్తిడికి తయారైంది కాదు, అందులోనూ మీవి పాతవి, తిప్పే మూతల సీసాలకు గాజు పలచన.

పక్కన పెట్టమన్న బీరుని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి చాలాసార్లు వంచి, రాత్రంతా వదిలేసి గ్యాసు పూర్తిగా పోనిచ్చి, హైడ్రోమీటర్ ముంచండి. 1.010, 1.014 మధ్య ఉండి, పులుపు లేకుండా ఉంటే కారణం తొందరపాటే. 1.004 లాంటి చోటుకి దిగిపోయి, నీళ్లలా పలచగా ఉంటే బయటి ఈస్ట్ ఏదో చొరబడింది, మీరు వేసిన ఈస్ట్ తినలేని చక్కెరల్ని కూడా అది తినేసింది. ఖాళీ సీసాల మెడ లోపల, బీరు మట్టం దగ్గర, తెల్లటి వలయం కనిపించినా అదే అనుమానం. చొరబాటు తేలితే బకెట్, గొట్టాలు, బీరుని ఒక పాత్రలోంచి ఇంకోదానిలోకి లాగే సైఫన్ లాంటి ప్లాస్టిక్ సామానంతా మార్చేయండి. గీతల్లో దాక్కున్న వాటిని ఎంత కడిగినా నమ్మలేం.

మరి ఒకటి చప్పగా, ఇంకొకటి నురగ కక్కుతూ ఎందుకుంది? చక్కెరని పొడిగానే బకెట్‌లో చల్లారు కాబట్టి అది అంతటా సమానంగా కలవలేదు. కొన్ని సీసాలకు తక్కువ, కొన్నిటికి రెట్టింపు అందింది. అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డి కూడా కలపడంతో పైకి లేచింది. దానికి తోడు తిప్పే మూతల సీసాల మీద మూతలు బిగించే మామూలు క్యాపర్‌తో వేసిన మూత గట్టిగా కూర్చోదు, గ్యాసు కారిపోతుంది. ఓపెనర్‌తో తీసే గోధుమరంగు సీసాలే వాడండి. పచ్చవి, తెల్లవి వద్దు. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి ముక్కు మూసుకోవాల్సిన వాసన వస్తుంది.

రుచి సంగతికి వస్తే, ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. బీరులో ప్రతి చెడు రుచీ తన పుట్టుక తనే చెబుతుంది, వినడం అలవాటు చేసుకోవాలి. పచ్చి ఆపిల్ వాసన ఎసిటాల్డిహైడ్‌ది. చక్కెరని ఆల్కహాల్‌గా మార్చే దారిలో ఈస్ట్ మధ్యలో తయారుచేసే పదార్థం అది. ఇంకో వారం ఈస్ట్ మీద వదిలితే తనే తిరిగి తీసుకుని శుభ్రం చేసేది. వెన్న వాసన వస్తే అది డయాసిటిల్, అది కూడా తొందర లక్షణమే. గొంతులో మంట వేడి వల్ల. ఏసీ 78 ఫారన్‌హీట్ అంటే సుమారు 26 సెల్సియస్. పులిసేటప్పుడు ఈస్ట్ సొంత వేడి పుట్టిస్తుంది కాబట్టి బకెట్ లోపల గదికంటే ఐదు నుంచి పది ఫారన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ ఉండగలదు. ఆ వేడిలో మామూలు ఏల్ ఈస్ట్ ఘాటైన ఆల్కహాల్‌లు, ఘాటు పండ్ల వాసనలు వదులుతుంది. వీటిని ఎంతకాలం నిలవ ఉంచినా పూర్తిగా పోవు. కూరగాయలు ఉడికిన వాసన, తడి అట్టపెట్టె వాసన లాంటివి ఇంకా ఉన్నాయి కానీ మీ బీరులో అవి లేవు, ఇప్పుడు అక్కర్లేదు.

ఆసుపత్రి వాసన మీ కుళాయిది. ఫ్రిస్కో, ప్లేనో వైపు నీళ్లిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ శుద్ధికి క్లోరమైన్ వాడుతుంది, వసంతంలో కొన్ని వారాలు క్లోరిన్‌కి మారుతుంది. తాగడానికి ఏ ఇబ్బందీ లేదు. బీరులో మాత్రం ఇవి ఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి క్లోరోఫినాల్స్ అవుతాయి, బ్యాండేజీ వాసన వాటిదే. ఇసుమంత ఉన్నా నాలుక పట్టేస్తుంది. క్లోరిన్ మరిగితే పోతుంది, క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. మీరు సగం నీళ్లు మరిగించకుండానే పోశారు కూడా. పరిష్కారం చాలా చవక. బ్రూయింగ్ షాపులో క్యాంప్డెన్ మాత్రలు దొరుకుతాయి. ఐదు గ్యాలన్ల నీళ్లకు పావు మాత్ర పొడి చేసి కలిపి కొన్ని నిమిషాలు ఆగితే చాలు. సామాను బ్లీచ్‌తో కడిగే అలవాటుంటే మానేయండి, అది కూడా ఇదే వాసన తెస్తుంది.

శుభ్రత గురించి మీరు ఏమీ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. కడగడం ఒక పని, క్రిముల్ని చంపడం ఇంకో పని. ముందు వాసన లేని పర్‌కార్బనేట్ పొడితో మడ్డి, జిడ్డు పోయేలా కడిగి బాగా తొలవాలి. ఆ తర్వాత స్టార్ శాన్ లాంటి ఆమ్ల శానిటైజర్, ఐదు గ్యాలన్ల నీళ్లకు ఒక ఔన్సు చొప్పున కలిపి, వర్ట్ చల్లారాక దానికి తగిలే ప్రతి వస్తువునీ ఒకటి రెండు నిమిషాలు తడపాలి. మళ్లీ కడగక్కర్లేదు, నురగ ఉన్నా పర్వాలేదు. సామాను మురికిగా ఉంటే శానిటైజర్ పనిచేయదు, అందుకే ఆ వరుస మార్చకూడదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, కల్లు గుర్తుకు తెచ్చుకోండి. లొట్టిలో పడుతుండగానే పులవడం మొదలవుతుంది. గాలిలోవి, లొట్టిలోవి ఎన్నో రకాల ఈస్టులు, బ్యాక్టీరియా కలిసి దాన్ని పులియబెడతాయి, పొద్దున తియ్యగా దింపింది సాయంత్రానికి పుల్లబడుతుంది. కల్లుకి ఆ పద్ధతే సొగసు. మీరు చేయాలనుకున్న పేల్ ఏల్‌కి ఒకే రకం ఈస్ట్ పనిచేయాలి. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ని పెంచి చూపించాకే ఒక బ్యాచ్ రుచి ఇంకో బ్యాచ్‌లో నమ్మకంగా రావడం మొదలైంది. మీ చేతిలోని 11 గ్రాముల పొట్లం ఆ పనికి వారసత్వం. దానికి పోటీ లేకుండా చూసే బాధ్యత మీది.

మళ్లీ చేయొచ్చా అని అడిగారు. తప్పకుండా చేయండి. మీకు ఎదురైనవన్నీ తెలిసిన జబ్బులే, మందులు కూడా తెలుసు. ఈసారి కూడా ఎక్స్‌ట్రాక్ట్ కిట్టే కొనండి. ధాన్యం నుంచి మొత్తం చేసే పద్ధతికి ఇప్పుడే దూకొద్దు. మొదట ఈస్ట్‌ని లొంగదీసుకోవాలి, ధాన్యం ఎక్కడికీ పోదు. గాజు కార్బాయ్, అంటే బీరు పులియబెట్టే పెద్ద గాజు బుడ్డి, కొనమని ఎవరైనా చెప్పినా కొనకండి. తడి చేతుల్లోంచి జారితే ఏమవుతుందో ఊహించుకోండి, ప్లాస్టిక్ బకెట్ చాలు. రెండో బకెట్‌లోకి మార్చి ఇంకో రెండు వారాలు ఉంచాలన్న పాత సూచన కూడా పేల్ ఏల్‌కి అక్కర్లేదు, మార్చినప్పుడల్లా గాలి తగులుతుంది.

మరిగించేటప్పుడు స్టవ్ ఆపి ఎక్స్‌ట్రాక్ట్ పోసి, పూర్తిగా కరిగాకే మళ్లీ వెలిగించండి. లేకపోతే అడుగంటి మాడు వాసన వస్తుంది. పొంగడానికి పాలకంటే తొందరెక్కువ, మొదటి పది పదిహేను నిమిషాలు గిన్నె వదిలి కదలొద్దు. వంటింట్లో ఇబ్బందిగా ఉందని ప్రొపేన్ బర్నర్ కొంటే దాన్ని ఆరుబయటే వాడండి. తలుపు తెరిచిన గ్యారేజీలో కూడా వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

దింపాక సింక్‌లో ఐస్ నీళ్లు పట్టి గిన్నెని అందులో పెట్టి చల్లార్చండి. క్యాంప్డెన్ మాత్ర కలిపిన నీళ్లని ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టుకుని అవి కలిపితే ఇంకా త్వరగా దిగుతుంది. వర్ట్, నీళ్లు బాగా గిలక్కొట్టండి. ఈస్ట్‌కి మొదట్లో ఆక్సిజన్ కావాలి. పులిసిన తర్వాత అదే ఆక్సిజన్ బీరుకి శత్రువు, అప్పుడు చుక్క చిందకూడదు. గ్రావిటీ కొలిచి రాసుకోండి. నీళ్లు, చిక్కటి వర్ట్ సరిగ్గా కలవకపోతే అంకె తప్పుగా వస్తుంది. అప్పుడు కిట్ మీద రాసిన అంకెనే నమ్మొచ్చు, ఎక్స్‌ట్రాక్ట్ బరువు, నీళ్ల కొలత సరిపోతే అది పెద్దగా తప్పదు. థర్మామీటర్ 68 ఫారన్‌హీట్, అంటే 20 సెల్సియస్ చూపించాకే ఈస్ట్ చల్లండి. చేతికి గోరువెచ్చగా తగిలితే ఏల్ ఈస్ట్‌కి అది ఎక్కువే.

ఆ తర్వాత మొదటి నాలుగైదు రోజులు బీరు 64, 68 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. బీరు రుచిలో సగానికి పైగా ఈ నాలుగైదు రోజుల్లోనే తేలిపోతుందని నేను నమ్ముతాను. ఇంటి మొత్తానికి ఏసీ పెంచక్కర్లేదు. బకెట్‌ని పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్ల మధ్య నిలబెట్టి, పాత టీషర్ట్ తొడిగి, దాని అంచు నీళ్లలో మునిగేలా ఉంచి, ఎదురుగా ఫ్యాన్ పెట్టండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పొద్దున, రాత్రి మార్చండి. బకెట్ పక్కకి అంటించే స్టిక్కర్ థర్మామీటర్ ఉంటే లోపలి వేడి తెలుస్తుంది. ఈ సరదా నిలిచేలా ఉంటే తర్వాత ఒక పాత ఫ్రిజ్, దానికి ఉష్ణోగ్రత కంట్రోలర్ కొనుక్కోండి. కొత్త గిన్నెలు, రకరకాల హాప్స్ కంటే ముందు డబ్బు పెట్టాల్సింది దాని మీద.

ఇదంతా చేయలేమనిపిస్తే ఇంకో దారుంది. నార్వే పల్లెల్లో తరతరాలుగా ఇళ్లలో దాచుకున్న క్వైక్ అనే ఈస్ట్ ఇప్పుడు షాపుల్లో దొరుకుతోంది. అందులో వోస్ రకం 95 ఫారన్‌హీట్ దగ్గర కూడా మంట లేకుండా, కొంచెం నారింజ వాసనతో, కొద్ది రోజుల్లోనే పులియబెడుతుంది. డాలస్ ఎండల్లో చేయాలంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

మామూలు ఏల్ ఈస్ట్ అయితే రెండు వారాలు మూత తెరవకుండా వదిలేయండి. నాలుగైదు రోజుల తర్వాత గది వేడికి రానిస్తే ఈస్ట్ తన శుభ్రం పని తొందరగా ముగిస్తుంది. తర్వాత హైడ్రోమీటర్‌తో కొలిచి, మూడు రోజులు ఆగి మళ్లీ కొలవండి. రెండు అంకెలూ ఒకటే అయి, కిట్ చెప్పినదానికి దగ్గరగా ఉంటేనే సీసాలు బయటికి తీయండి. 1.020 దగ్గరే ఆగిపోతే నింపొద్దు. 70 ఫారన్‌హీట్‌కి వేడెక్కించి, బకెట్‌ని మెల్లగా తిప్పి, ఇంకో వారం చూడండి. కొలవడానికి తీసిన బీరు తిరిగి బకెట్‌లో పోయకుండా రుచి చూడండి. ఆపిల్ వాసన ఇంకా ఉంటే అంకె కుదిరినా మరికొన్ని రోజులు ఆగండి.

నింపే రోజు చక్కెరని రెండు కప్పుల నీళ్లలో మరిగించి, చల్లార్చి, శుభ్రం చేసిన రెండో బకెట్‌లో ముందు పోయండి. దాని మీదికి బీరుని మడ్డి రాకుండా సైఫన్ చేసి, చివర్లో చెంచాతో నెమ్మదిగా తిప్పండి. ఎంత బీరు చేతికొచ్చిందో చూసి దానికి తగ్గట్టు చక్కెర తూయండి. నాలుగున్నర గ్యాలన్లే వస్తే ఐదు గ్యాలన్ల చక్కెర వేయకూడదు. అన్నిటికీ ముందు ఒక ఖాళీ ప్లాస్టిక్ సోడా సీసాని శానిటైజ్ చేసి అందులో కూడా నింపండి. రోజూ దాన్ని నొక్కి చూస్తే చాలు. రాయిలా గట్టిపడితే గ్యాసు పట్టినట్టు. రెండు వారాల కంటే చాలా ముందే గట్టిపడితే మిగతావన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. గాజు సీసాలు గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో, పాప వెళ్లలేని చోట ఉంచండి. అన్నీ సరిగ్గా చేసినా ఈ ఒక్క అలవాటు మానొద్దు. స్నేహితులకు పోసే ముందు ఆల్కహాల్ శాతం ఎంతో చెప్పండి, వాళ్లు కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్లాలి.

ఇక మీ తమ్ముడు. అమెరికాలో కూడా ఇది మొదటి నుంచీ ఉన్న హక్కు కాదు. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోనిచ్చారు కానీ బీరుని వదిలేశారు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో, 1979 నుంచి, వయసు వచ్చినవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చని వచ్చింది. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలైతే 2013 దాకా ఒప్పుకోలేదు. మీరు సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు, బట్టీ పెట్టి స్పిరిట్ తీయడానికి ఈ వెసులుబాటు వర్తించదు.

వరంగల్‌లో అలాంటి వెసులుబాటు లేదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. బీరు కూడా మద్యమే, సొంతానికే అన్నా, ఐదు గ్యాలన్లే అన్నా కేసు కేసే. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇంతే. కాబట్టి మీ తమ్ముడికి కిట్ పంపొద్దు, ఈస్ట్ పొట్లాలు సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లొద్దు. అతనికి నిజంగా ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లో లైసెన్సుతో నడుస్తున్న మైక్రోబ్రూవరీలున్నాయి. జనం తక్కువుండే వేళ వెళ్లి, ట్యాంకులు చూపించమని, బీరు ఎలా చేస్తారో చెప్పమని అడగమనండి. అతను మీ దగ్గరికి చలికాలంలో వస్తే ఇంకా మంచిది. డిసెంబరులో మీ గ్యారేజీ చాలా రోజులు ఐస్ సీసాల అవసరం లేనంత చల్లగా ఉంటుంది, ఇద్దరూ కలిసి అప్పుడు ఒక బ్యాచ్ పెట్టండి. హైడ్రోమీటర్ అంకెలు రాసుకునే పని అతనికి అప్పగించండి.